కంట్లో నలుసును కొని పెట్టుకున్న కథ

కంట్లో నలుసు పడితే ఎవరూ ఊరుకోరు. కొంగు ముడిచి, నోటి ఆవిరి పట్టి కాపడం పెట్టేదాకా చేతిలో పని ముందుకు సాగదు. అలాంటిది, కావాలని కంట్లో గాజు చిప్ప పెట్టుకున్నవాళ్లు 1880లలోనే ఉన్నారు.

జ్యూరిక్‌లో పనిచేసిన జర్మన్ కంటి వైద్యుడు అడాల్ఫ్ ఫిక్ 1888లో తన ప్రయోగాన్ని ప్రచురించాడు. ఆ చిప్పలను ముందు కుందేళ్లకు పెట్టాడు, తర్వాత తనకు, ఆపైన రోగులకు. చిప్ప అంచు తెల్లగుడ్డు మీద ఆనేది. లోపలి ఖాళీలో ద్రాక్ష చక్కెర కలిపిన నీళ్లు నింపేవాడు. రెండు గంటలు దాటితే ఓర్చుకోవడం కష్టం. మరుసటి ఏడే కీల్ నగరంలో ఆగస్ట్ ముల్లర్ అనే వైద్య విద్యార్థి తన మైనస్ 14 చూపును తానే సరిచేసుకోబోయాడు. కొకైన్ చుక్కలతో కన్ను మొద్దుబార్చుకున్నా అరగంటకు మించి నిలవలేకపోయాడు. ఆ పనినే సిద్ధాంత వ్యాసంగా సమర్పించి, తర్వాత ఎముకల వైద్యానికి మారిపోయాడు. ఆయన్ని తప్పుపట్టలేం!

చిక్కంతా ఊపిరిది. నల్లగుడ్డు మీది పారదర్శక పొరలో రక్తనాళాలు ఉండవు. గాలిలోని ఆక్సిజన్ కన్నీటిలో కరిగి దానికి అందుతుంది. గాజు ఆ దారి మూసేసింది. పొర ఉబ్బేది, చూపు మసకబారేది, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించేవి. 1948లో అమెరికాలో కెవిన్ టువోహీ నల్లగుడ్డు వరకే సరిపోయే చిన్న ప్లాస్టిక్ లెన్సు తెచ్చాడు. రెప్ప వేసినప్పుడల్లా అది కదిలి, కింద కొత్త కన్నీరు చేరేది. పెట్టుకునే గంటలు పెరిగాయి. గరగర మాత్రం పోలేదు.

ఆ గరగరను తగ్గించింది ప్రాగ్‌లోని ఓ వంటింటి బల్ల. రసాయన శాస్త్రవేత్త ఒట్టో విఖ్టర్లే, సహచరుడు ద్రహొస్లావ్ లీమ్ నీళ్లు పీల్చి మెత్తబడే ప్లాస్టిక్‌ను అప్పటికే తయారుచేశారు. దాన్ని లెన్సుగా మలిచే ప్రాజెక్టుకు మాత్రం ప్రభుత్వం మద్దతు ఆపేసింది. 1961 క్రిస్మస్ నాడు విఖ్టర్లే పిల్లల మెర్కుర్ ఆటసామాను ముక్కలు బిగించి, సైకిల్ డైనమో తగిలించి, గిర్రున తిరిగే అచ్చులో రసాయనం పోశాడు. ఆ రోజు నాలుగు లెన్సులు తయారయ్యాయి. తర్వాత డైనమో స్థానంలో గ్రామఫోన్ మోటారు వచ్చింది. భార్య లిండా సాయంతో కొద్ది నెలల్లోనే 5,500 చేశారు. 1971లో అమెరికా అనుమతితో మెత్తటి లెన్సు అంగళ్లకెక్కింది.

మెత్తదనానికీ ఓ వెల ఉంది. లెన్సులో దాదాపు 38 శాతం నీళ్లే. అవి పైనుంచి ఆరిపోతుంటే కంటి తడి తగ్గుతుంది. పైగా లెన్సు పలుచని కన్నీటి పొరను రెండుగా చీల్చి, తొందరగా చెదిరేలా చేస్తుంది. సాయంత్రమయ్యేసరికి కళ్లు పొడిబారి మండేది అందుకే. దీనికితోడు కడిగే ద్రావణాల్లో వేసిన థైమెరోసాల్ అనే పాదరస సమ్మేళనం చాలామందికి పడక, కళ్లు ఎర్రబడేవి. మందు సీసాయే జబ్బు తెచ్చిందన్నమాట.

ఆక్సిజన్‌ను ధారాళంగా పోనిచ్చే సిలికోన్ హైడ్రోజెల్ లెన్సులు 1999లో వచ్చాయి. మెత్తటి లెన్సులతో నిద్రపోతే ఏమవుతుందో చూసిన అధ్యయనాలు కొన్ని 1990లలో హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి సంస్థలో, ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బ్రియెన్ హోల్డెన్ బృందంతో కలిసి జరిగాయి. సిలికోన్ లెన్సులతో ఊపిరి సమస్య చాలావరకు తీరింది. పొడిబారడం తీరలేదు; కంప్యూటర్ ముందు రెప్పవేయడం మరిచే మనం దాన్ని పెంచాం కూడా.

కాబట్టి కళ్లు మండితే లెన్సు తీసేయండి. తడికి లెన్సుల కోసం చేసిన చుక్కలే వాడండి, కుళాయి నీళ్లు తగలనివ్వకండి. తీశాక కూడా ఎరుపు, నొప్పి, మసక తగ్గకపోతే ఆ రోజే కంటి డాక్టర్‌కు చూపించండి.