కన్నమదాసుది సేనాపతి స్థానమే

కార్తీక అమావాస్యకు జరిగే పల్నాటి వీరుల ఉత్సవాలు దగ్గరపడితే చాలు, మన కారంపూడిలో వీరుల గుడి దాకా ఫ్లెక్సీలు లేస్తాయి. బ్రహ్మనాయుడి బొమ్మ నిలువెత్తున, పక్కనే ఆయన కొడుకు బాలచంద్రుడిది. కన్నమదాసు బొమ్మ ఏ మూలనో ఇరుక్కుని ఉంటుంది. పుస్తకాల్లోనూ అదే వరస. నాయుడి నమ్మినబంటు అని ఒకరు రాస్తే, పెంచిన కొడుకు కాబట్టి చనువు దక్కిందని మరొకరు సరిపెట్టారు. మాచర్ల సేనను నడిపింది ఆయనేనని నేనంటాను.

పల్నాటి యుద్ధం కథ మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు, ఇద్దరూ సవతి అన్నదమ్ములు. కోడిపందెం, ఏడేళ్ల వలస, రాయబారానికి వెళ్లిన అలరాజు హత్య, చివరికి 1182 ప్రాంతంలో నాగులేటి ఒడ్డున రక్తపాతం. ఈ అన్నదమ్ముల పోరులో మాలవాడైన కన్నమదాసుకు మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు సేనాధిపత్యం ఇచ్చాడని ఈ కథ పాడే మాల గాయకులు, వీరవిద్యావంతులు, తరతరాలుగా పాడుతున్నారు.

మరి ఆ మాట పుస్తకాల్లో ఎందుకు పలచబడింది? అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో పల్నాటి వీరచరిత్రను అచ్చు వేయించారు. ఆ మేలు పల్నాడు మరవకూడదు. అయితే శ్రీనాథుడి పేరున మనకు దక్కింది ముఖ్యంగా బాలచంద్రుడి యుద్ధభాగం. తర్వాత రాసినవాళ్లు దాన్నే మొత్తం కథ అనుకున్నారు. 1947లో, 1966లో వచ్చిన సినిమాలూ ఆ దారే పట్టాయి. పాటను అసలు గాయకుల నోట విని రాసుకోవడానికి పరాయి దేశం నుంచి జీన్ రోఘైర్ రావలసి వచ్చింది. ఆలిసెట్టి గాలెయ్య పాడిన కథను ఆయన 1982లో ఇంగ్లీషులో ప్రచురించాడు. మన పండితులకు ఆ తీరిక లేకపోయింది!

‘పాడేది మాలలే, తమవాణ్ణి పెద్ద చేసుకున్నారు’ అని ఒక పెద్దమనిషి నాతో వాదించాడు. అలాగైతే కథంతా కన్నమదాసు చుట్టూ తిప్పుకునేవారు కదా. వాళ్ల పాటలోనూ జనం కంటతడి పెట్టేది బాలచంద్రుడికీ అతని భార్య మాంచాలకే. పైగా వీరుల గుడి పీఠం వాళ్ల చేతిలో లేదు. అయినా వీరుల ఆయుధాలకు, అంటే కొణతాలకు, చేసే పూజలో బ్రహ్మనాయుడి నృసింహకుంతంతో పాటు కన్నమదాసు భైరవఖడ్గానికీ మొక్కు చెల్లుతుంది. బంటు కత్తికి ఇన్ని వందల ఏళ్లు ఎవరు మొక్కుతారు?

ఉత్సవాల్లో మందపోరు రోజున అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కలిసి తినే చాపకూడును కూడా ఈ కోణం నుంచే చూడాలి. దాన్ని సంఘసంస్కరణ అని పొగిడి ఊరుకుంటే చాలదు. ఒక చాప మీద కలిసి తిననివాళ్లు ఒక వరసలో నిలబడి పోరాడరు. మాల సేనాపతి ఆజ్ఞను అన్ని కులాల భటులూ పాటించాలంటే ముందు పంక్తిభేదం పోవాలి. నా లెక్కన చాపకూడు ఆ సేనకు కట్టుబాటు, కన్నమదాసు అధికారానికి పునాది.

ఉత్సవాల పెద్దలకు ఒకటే మనవి. ఈ ఏడు గుడి ముందు బోర్డు పెట్టేటప్పుడు బ్రహ్మనాయుడు మంత్రి, బాలచంద్రుడు వీరకుమారుడు, కన్నమదాసు సేనాపతి అని మూడు పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో రాయించండి. రంగు డబ్బులు నేనిస్తాను.