పైమెట్టు నుంచి కట్టిన నిచ్చెన

మన దేశంలో పిల్లల వైద్యం చరిత్ర ఎవరు రాసినా దాదాపు ఒకే వరసలో సాగుతుంది. ముందు కాశ్యపుడు, తర్వాత పెద్దాసుపత్రులు, వాటిని కట్టించిన దాతలు, వాటిల్లో పనిచేసిన మహానుభావులు, చివర నేటి సూపర్ స్పెషాలిటీలు. ఆ మనుషుల గొప్పదనం మీద నాకు సందేహం లేదు. కానీ ఆ వరసలో ఒక ప్రశ్నకు చోటు దొరకదు. ఒళ్లు కాలిపోతున్న ఏడాది బిడ్డను భుజాన వేసుకుని తల్లి మొదట ఏ డాక్టరు దగ్గరికి పరిగెత్తుతుందో, ఆ డాక్టరుకు పిల్లల వైద్యం ఎప్పుడు, ఎంత నేర్పారు?

పాత కథను త్వరగా దాటేద్దాం. ఆయుర్వేదపు ఎనిమిది అంగాల్లో పిల్లల వైద్యమైన కౌమారభృత్యం ఒకటి. కాశ్యప సంహిత నేపాల్లో దొరికిన అసంపూర్ణ ప్రతి ఆధారంగా 1938లో అచ్చయింది. దానికీ ఇవాళ్టి ఎండీ పీడియాట్రిక్స్‌కీ మధ్య గురుశిష్య పరంపర ఏమీ లేదు, పీఠికల్లో పెట్టే నమస్కారం తప్ప. మన ఇళ్లలో నిజంగా నడిచిన చదువు మంత్రసానిది, అమ్మమ్మది. వస అరగదీయడం, ఆముదం పట్టడం, దిష్టి తీయడం. పారిస్‌లో 1802లో, లండన్‌లో 1852లో పిల్లలకంటూ ఆసుపత్రులు వచ్చాయి. బొంబాయిలో బాయి జెర్బాయి వాడియా ఆసుపత్రి వచ్చేసరికి 1929. కలకత్తాలో కె.సి. చౌధురి 1933లో పిల్లల వైద్యానికి పత్రిక పెట్టారు. మద్రాసులో ఎస్.టి. ఆచార్ ఈ శాస్త్రానికి బోధనాపీఠం సంపాదించిపెట్టారు. హైదరాబాదులో, తన పరిచారిక కాన్పులో చనిపోయిన దుఃఖంతో నిజాం కోడలు నీలోఫర్ తలపెట్టిన ఆసుపత్రి 1953లో తెరుచుకుంది. 1963లో దేశంలోని పిల్లల డాక్టర్ల రెండు సంఘాలు కలిసి ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అయ్యాయి. ఇక్కడికి అందరికీ తెలిసిన కథే.

నా పేచీ ఆ తర్వాతి మూడు దశాబ్దాల మీద. వాటిని 'విస్తరణ యుగం' అనడం మామూలు. విస్తరించింది పైన మాత్రమే. ఎండీ సీట్లు పెరిగాయి, ప్రొఫెసర్లు వచ్చారు, పాఠ్యగ్రంథాలు వచ్చాయి. ఎంబీబీఎస్ విద్యార్థికి మాత్రం పిల్లల జబ్బులు జనరల్ మెడిసిన్ పరీక్షలో ఒక ముక్క. పీడియాట్రిక్స్ వార్డులో పోస్టింగ్ ఉండేది, కానీ విడిగా పేపరు లేదు, విడిగా ప్యాస్ కావలసిన అవసరం లేదు. మన విద్యార్థుల సంగతి తెలియనిదేముంది! పరీక్షలో విడిగా అడగని సబ్జెక్టును ఎంత శ్రద్ధగా చదువుతారో డాక్టర్ల ఇళ్లలో పుట్టినవాళ్లను అడిగితే చెబుతారు. మెడికల్ కౌన్సిల్ నిబంధనలు మార్చి పీడియాట్రిక్స్‌ను ఫైనల్ ఇయర్‌లో సొంత పరీక్ష ఉన్న సబ్జెక్టుగా చేసింది 1997లో. అప్పుడు కూడా మెడిసిన్‌కు 300 మార్కులు, సర్జరీకి 300, గైనకాలజీకి 200, పిల్లలకు 100. అందులో రాత పరీక్ష 40.

చండీగఢ్ పీజీఐలో నవజాత శిశువుల వైద్యానికి, ఎండీ తర్వాత చదివే డీఎం కోర్సు మొదలైంది 1989లో. అంటే మూడో అంతస్తు కట్టిన ఎనిమిదేళ్లకు గానీ గడప పెట్టాలని మనకు తోచలేదు. ఆ ఎనిమిదేళ్లనూ పిల్లల వైద్య చరిత్రలు పెద్దగా పట్టించుకోవు.

ఇక్కడ నా వాదనకు నేనే కొంత కత్తెర వేసుకోవాలి. పేపరు పెడితే డాక్టరు తయారవుతాడని కాదు. శిశు మరణాలు 1971లో వెయ్యికి 129 ఉంటే 1997 నాటికి 71కి దిగాయి. ఆ దిగడం కొత్త పరీక్ష రాకముందే జరిగింది, దాన్ని మార్కుల ఖాతాలో వేయలేం. 1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమానికి, ఓఆర్ఎస్ పొట్లానికి అందులో పెద్ద వాటానే ఉంది. 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను రోగుల బంధువుల చేతికే ఇచ్చి తాగించారు. ఆయన పిల్లల వైద్యం చదివినవారే. అయినా ఆయన చేసిన గొప్ప పని, ఆ చదువు లేనివాళ్ల చేతికి పనిని అప్పగించడం. నా వాదన కూడా అదే. పిల్లల ప్రాణాలు చాలావరకు నిలిచేది నిచ్చెన కిందిమెట్టు దగ్గర.

ఆ కిందిమెట్టుకూ ఎండీకీ మధ్య ఒక మెట్టు ఉండేది: డీసీహెచ్. ఎంబీబీఎస్ తర్వాత రెండేళ్ల డిప్లొమా. చరిత్రకారులు దీన్ని ఎండీ సీటు దొరకనివాళ్ల ఓదార్పుగా ఒక వాక్యంలో తేల్చేస్తారు. అది తప్పు. తెనాలిలోనో జగిత్యాలలోనో బస్టాండు పక్క సందులో 'ఎంబీబీఎస్, డీసీహెచ్' అని బోర్డు పెట్టుకుని, బిడ్డను తూకం వేసి ఆ బరువును బట్టి మందు లెక్కగట్టిన డాక్టర్లే మనవాళ్లకు మొదటి పిల్లల డాక్టర్లు. అంతకుముందు పెద్దవాళ్ల మాత్రను సగానికి విరిచి ఇవ్వడమే చాలాచోట్ల వైద్యం. డీసీహెచ్ చదివినవాళ్లందరూ పల్లెలకు దగ్గరగా ఉన్నారని అనను. వాళ్లలోనూ చాలామంది నగరం చేరారు. కానీ ప్రొఫెసర్ ఉద్యోగానికి పనికిరాని డిగ్రీ కావడం వల్లనే అది ఊళ్లకు పనికొచ్చింది.

2018లో డిప్లొమా సీట్లను ఎండీ సీట్లుగా మార్చుకోవచ్చని కాలేజీలకు దారి తెరిచారు. అధ్యాపకులు కావాలన్న కారణం సబబే. అయినా ఆ మెట్టు తీసేసిన రెండేళ్లకే, 2020లో, జాతీయ పరీక్షల బోర్డు ద్వారా అదే రెండేళ్ల డిప్లొమాను మళ్లీ తెచ్చారంటే, తీసినప్పుడు ఎవరూ సరిగా ఆలోచించలేదనే అనుకోవాలి.

ఇప్పుడు పూర్తి దారి ఇలా ఉంది. ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ కలిపి ఐదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, డీఎం మరో మూడేళ్లు. పదకొండున్నరేళ్లు గడిచాక చేతికొచ్చే నిపుణుడు ఇంక్యుబేటర్లు, వెంటిలేటర్లు ఉన్నచోట తప్ప పని చేయలేడు. నవజాత శిశువులకు అంతటి చదువు అవసరమేనని దీన్ని సమర్థించేవాళ్లు అంటారు. వాళ్ల చేతిలో బలమైన లెక్కే ఉంది: 2020లో వెయ్యికి 28 శిశు మరణాలైతే, అందులో 20 మొదటి నాలుగు వారాల్లోనివే. కానీ గడ్చిరోలిలో అభయ్ బంగ్ దంపతులు పల్లె ఆడవాళ్లకు తర్ఫీదు ఇచ్చి, ఇంటి దగ్గరే పసికందుల మరణాలు తగ్గించి చూపిన సంగతి 1999లోనే 'లాన్సెట్'లో అచ్చయింది. ఆ ఇళ్లలో బిడ్డ పక్కన ఉన్నది డీఎం కాదు, ఎండీ కాదు.

2021 బ్యాచ్ నుంచి పీజీలందరూ మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నియమం వచ్చింది. ఇన్నాళ్లలో నాకు నచ్చిన మార్పు ఇదొక్కటి. అయితే 36 నెలల ఎండీలో 33 నెలలు ఇంకా బోధనాసుపత్రికే పోతున్నాయి. పిల్లల వైద్యానికైనా ఆ మూడు నెలలను ఆరు చేసి, అందులో సగం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పెట్టాలని నేనంటాను.