లోపలికి చేరిన కార్డు

నిస్తంత్రి అన్న మాటకు ఆకాశవాణి తప్ప వేరొక అర్థం పాఠం చెప్పే రోజుల్లో నాకు స్ఫురించలేదు. రేడియో తరంగాల మీద కంప్యూటర్లను కలిపే అలోహానెట్‌ను హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం 1971లోనే నడిపిందని ఇటీవలే తెలిసికొన్నాను. 1997లో వెలువడిన 802.11 ప్రమాణం వేగం సెకనుకు 2 మెగాబిట్లు. 1999 నాటికి 11 అయింది. ఆనాటి వైర్‌లెస్ కార్డును ల్యాప్‌టాప్ పక్కనున్న గాడిలో దూర్చేవారు. పాతబడితే లాగివేసి మరొకటి పెట్టుకొనేవారు, అంతే. 2003లో ఇంటెల్ వారి సెంట్రినో వచ్చిన పిమ్మట కార్డు యంత్రగర్భంలోనే ఉండడం పరిపాటి అయింది. చిక్కు అక్కడే మొదలైంది.

నా పాత ల్యాప్‌టాప్ కార్డుకు 2.4 గిగాహెర్ట్జ్ తప్ప తెలియదు. మా భవనంలోని రౌటర్లన్నీ ఆ ఇరుకుదారిలోనే. దూరదేశాన ఉన్న మనుమరాలు మాట్లాడుతుంటే బొమ్మ నిలిచిపోయేది. 5 గిగాహెర్ట్జ్ కూడా అందుకొనే మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు కొన్నాను. కొలత కుదిరింది, రెండు యాంటెన్నా తీగలూ బిగిశాయి. మీట నొక్కగానే 'అనుమతి లేని కార్డు' అని తెరపై చూపి యంత్రం మొరాయించింది! తయారీదారు తన ఆమోదిత కార్డుల జాబితాను బయాస్‌లో దాచి ఉంచాడట. నా ఇంటి తాళం మార్చుకోవడానికి మేస్త్రీ సెలవు కావలెనా?

జాబితాలోని కార్డునే వెదకి, పాతసామాను అంగడిలో సంపాదించాను. ఆదివారం మనుమరాలు పద్యం మొత్తం అప్పజెప్పింది. బొమ్మ ఒక్కసారీ ఆగలేదు.