నేల కదిలే సంగీతం

మా మేనకోడలు గిటారు నేర్చుకుంటోంది. పొద్దున్నే కాఫీ వేళకి మొదలుపెడుతుంది. స గ ప, స గ ప. తర్వాత మ ధ స. ఆ పైన ప ని రి. "ఎప్పుడూ ఈ మెట్లెక్కడమేనా, పాటేమైనా ఉందా తల్లీ?" అన్నాను. "ఇది ఆర్పెజియో అత్తా! జాజ్‌కి ఇవే సరళీ వరసలు" అంది.

మూడు నాలుగు స్వరాలు ఒక్కసారే మోగిస్తే కార్డు. వాటినే పూసలు గుచ్చినట్టు ఒక్కొక్కటిగా వాయిస్తే ఆర్పెజియో. చిక్కెక్కడంటే, మన స్వరకల్పన సాగినంతసేపూ రాగం మారదు. జాజ్‌లో కాళ్ల కింద కార్డు మారిపోతూంటుంది. రి మ ధ స మీద ఉండగానే ప ని రి మ వచ్చిపడుతుంది, సర్దుకునేలోగా స గ ప ని. చెయ్యి తిరిగినవాళ్లు ప్రతిసారీ అడుగు మెట్టుకి పరుగెత్తరు. మొదటిదాంట్లోని స నుంచి పక్కనున్న ని కి, రెండోదాంట్లోని మ నుంచి గ కి జారతారు. ఒక్క అడుగు, అంతే! 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ ఎలక్ట్రిక్ గిటారు మీద ఇలాంటి మెట్లతోనే కొత్త దారి వేశాడు. 1942లో పాతికేళ్లకే పోయాడు, పాపం.

చూశారూ, పైన చెప్పినవన్నీ మన శంకరాభరణం స్వరాలే! అసలు దొరల సంగీతం మన వాకిట్లోకి వచ్చి రెండువందల ఏళ్లు దాటింది. పులికాట్‌లో డచ్చివాళ్లు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. ఇంగ్లీషువాళ్లు ఆ సరస్సుకే ఉత్తరాన, దుగరాజపట్నంలో, 1626 ప్రాంతంలో వర్తకం పెట్టి, అక్కడ కుదరక 1639లో మద్రాసు దారి పట్టారు. కోట వచ్చింది, కోటతో బాండు మేళమూ వచ్చింది. మద్రాసు నుంచి పులికాట్ వైపు వచ్చే దారిలో మణలి ఉంది. అక్కడి మొదలియార్ల ఆదరణలో ఉన్న ముత్తుస్వామి దీక్షితులు ఆ బాండు వరసలు విని, శంకరాభరణంలో సంస్కృత సాహిత్యం కట్టారు. అవే నోట్టుస్వరాలు. 'సంతతం పాహిమాం' ఇంగ్లండు రాజగీతం వరసే. తమ్ముడు బాలుస్వామి ఏకంగా ఒక దొర దగ్గర వయొలిన్ నేర్చారు. (ఈయన మనుమడు సుబ్బరామ దీక్షితులే 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగు లిపిలో అచ్చువేయించినది.)

వరస తీసుకున్నారు, వాయిద్యం తీసుకున్నారు. కార్డు మాత్రం వదిలేశారు. వినక కాదు, చాతకాకా కాదు. వెనకాల తంబూరా ఉందిగా! అది షడ్జాన్ని కదలనివ్వదు. కార్డు మారాలంటే మరి నేలే కదలాలి.

మొన్న సరదాకి శ్రుతిపెట్టె పెట్టి వాయించమన్నాను. స గ ప దాకా హాయిగా ఉంది. ప ని రి దగ్గరికొచ్చేసరికి తనే ఆగిపోయి, "ఆ పెట్టె కట్టెయ్యత్తా!" అంది.