సూదిని జైపాల్ రెడ్డిగారి పార్లమెంటు జీవితము

హైదరాబాదు విమానాశ్రయము 2008 మార్చిలో శంషాబాదునొద్ద తెరవబడెను. ఆ యూరు నియోజకవర్గముల పునర్విభజనచే క్రొత్తగా నేర్పడిన చేవెళ్ల లోకసభా స్థానమున జేరినది. 2009లో ఆ స్థానమునకు ప్రథమ ప్రతినిధిగా నెన్నికైనవారు సూదిని జైపాల్ రెడ్డిగారు. 2019 జూలై 28వ తేదీన పరమపదించిన ఆ మహాశయుని జీవితమును మన గృహస్థులు తెలిసికొనుట మేలని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఆయన 1942లో నల్లగొండ జిల్లాయందు జన్మించిరి. పదునెనిమిది నెలల ప్రాయముననే పోలియో వ్యాధి సోకి కాళ్ల సత్తువ తగ్గెను. అట్టి బిడ్డను పూర్వజన్మ కర్మఫలమని యింటి మూలకు నెట్టుట మనలో పరిపాటి. ఆయనకు మాత్రము చదువు లభించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆంగ్ల సాహిత్యమునందు ఎం.ఏ. పట్టమును బడసి, చంకకఱ్ఱల యూతతో నడచుచునే 1969లో కల్వకుర్తినుండి శాసనసభ కెన్నికైరి. అక్కడనుండి నాలుగుమారులు శాసనసభకును, తరువాత ఐదుమారులు లోకసభకును, రెండుమారులు రాజ్యసభకును ఎన్నికైరి.

1975లో ఇందిరాగాంధీ ప్రభుత్వము అత్యయిక స్థితిని ప్రకటించెను. దాని నాయన వ్యతిరేకించి, కాంగ్రెసును వీడి, జనతాపక్షమున జేరిరి. 1980లో మెదకున ఆమెపైననే పోటీచేసి యోడిపోయిరి. 1999లో మరల కాంగ్రెసున జేరిరి. విడిచిన పక్షమునకే తిరిగి వచ్చుట నిలుకడ యగునా యని కొంద రాక్షేపింతురు. ఈ యాక్షేపమును తేలికగా త్రోసిపుచ్చరాదు. అయితే ఆయన విడిచిననాడు రాష్ట్రాధికారము కాంగ్రెసుదే. తిరిగి చేరిననాడు ఆ పక్షమునకు కేంద్రమునగాని రాష్ట్రమునగాని యధికారము లేదు. లాభము గోరి పక్షము మార్చువాని నడవడి యిట్లుండునా?

ఆయన బలమంతయు వాక్కునందే యుండెను. 1991-92లో రాజ్యసభయందు ప్రతిపక్షనాయకులుగా నుండిరి. 1990లో పార్లమెంటు ఆమోదించిన ప్రసారభారతి శాసనము ఏడేండ్లు అమలుగాక నిలిచియుండ, 1997లో సమాచార ప్రసారశాఖ మంత్రిగా దాని నమలునకు దెచ్చిరి. ఆకాశవాణియు దూరదర్శనమును ప్రభుత్వశాఖనుండి వేరుపడి స్వతంత్ర సంస్థ క్రిందికి వచ్చెను. మంత్రి తన చేతిలోని ప్రచారసాధనమును తానై విడుచుట సామాన్యము కాదు. 1998 సంవత్సరపు ఉత్తమ పార్లమెంటేరియన్ బహుమానము దక్షిణదేశీయులలో మొట్టమొదట ఆయనకే లభించెను.

మన ప్రతినిధి యేమి తెచ్చెనని యడుగుటయే మన కలవాటు. సభలో నేమి పలికెనని యడుగుటయు నేర్చుకొనవలెను. అంతకు ముందు మన యిండ్లనే పరీక్షించుకొనవలెను. 2014లో మన దేశము పోలియోనుండి విముక్తమైనట్లు ప్రకటింపబడెను. అవయవలోపముగల బిడ్డను భారమని తలంచు దురభిప్రాయము మాత్రము నేటికిని విడువలేదు. అట్టి బిడ్డ యింట నున్నచో, తోడబుట్టినవారితోపాటు బడికి బంపుడు. ఆ బిడ్డ రేపు ఏ సభలో మాటాడవలసినదో మన మెఱుగము.