బొగ్గు లెక్కలో చేరని పద్దులు

తెలుగునాట బొగ్గు చరిత్ర 1871తో ఆరంభమవుతున్నది. ఆ సంవత్సరం భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు పొరలను గుర్తించాడు. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కులు పొందినది. 1889లో తవ్వకం ఆరంభమైనది. సమీప గ్రామమైన సింగరేణి పేరే పరిశ్రమకు పేరైనది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అవతరించినది. ఇంతవరకు విదితమే. ఎన్ని టన్నులు పైకి వచ్చినవో చెప్పి ఈ చరిత్రను ముగించడం మనకు పరిపాటి. ఆ టన్నులకు భూమి చెల్లించిన మూల్యం మాత్రం పద్దులకెక్కలేదు.

మొదటి చెల్లింపు అడవిది. గని కప్పు కూలకుండా ఆనాడు నిలిపినవి కలప దుంగలే. రెండవది ఏటిది. బొగ్గు తీసిన ఖాళీల మీద నేల కుంగకుండా ఇసుకను నీటితో కలిపి గొట్టాల ద్వారా లోపలికి పంపి నింపేవారు. గోదావరి ఇసుక ఆ విధంగా గనులపాలైనది. మూడవ చెల్లింపు నేలదే. 1970 దశకంలో రామగుండం ప్రాంతంలో ఉపరితల గనులు వచ్చినవి. భూగర్భ గనిలో స్తంభాలుగా విడిచిపెట్టవలసిన బొగ్గు ఇక్కడ చాలావరకు చేతికి వస్తుంది. కప్పు కూలి కార్మికుడు మరణించే భయం ఉండదు. ఈ మేలును కాదనడం న్యాయం కాదు. కాని బొగ్గుకు పైనున్న మట్టినంతటినీ ముందుగా తొలగించవలసిందే. ఆ మట్టితో పాటు పొలము, కుంట, ఊరు కూడా పోతాయి. దానికి శాస్త్రం పెట్టిన పేరు ‘ఓవర్ బర్డెన్’. గనులవద్ద వాడుకలో ‘ఓబీ’. తరతరాలు పంట పండిన నేలకు భారమని పేరు పెట్టడం భాషతో బ్రతికే మనకు గమనార్హం. నేడు సింగరేణి ఉత్పత్తిలో అధికభాగం ఈ గనులదే.

తవ్విన బొగ్గు వినియోగమైనా సార్థకమా? మన విద్యుత్కేంద్రాలలో బొగ్గు వేడిమిలో సుమారు మూడవవంతు మాత్రమే విద్యుత్తుగా మారుతుంది. ఒక్క యూనిట్‌కు ఇంచుమించు 700 గ్రాముల బొగ్గు కావాలి. అందులో గణనీయమైన భాగం బూడిదగా మిగులుతుంది. కనుక మనం వృథా చేసే యూనిట్ తీగ చివర చిన్నదే. గని వద్ద అది ఎన్నో రెట్లు పెద్దది.

నేనుంటున్న ఢిల్లీ ద్వారకలో ఈ దూరం మరింత స్పష్టం. 1973లో ఆరంభమైన బదర్పూర్ విద్యుత్కేంద్రాన్ని వాయుకాలుష్యం కారణంగా 2018లో మూసివేశారు. నగరవాసుల ఊపిరికి అది మేలే. అయినా ఇక్కడి దీపాలు తగ్గలేదు. దాద్రి వంటి నగరం వెలుపలి కేంద్రాల నుండి విద్యుత్తు వస్తూనే ఉన్నది. వేసవి రాత్రి ఖాళీ గదిలో కూడా శీతల యంత్రం తిరుగుతున్నది. ఇక్కడ మండేది సింగరేణి బొగ్గు కాకపోవచ్చు. ఏ గని బొగ్గైనా దాని పైనున్న నేల ఎవరిదో ఒకరిదే.

ఉత్పత్తి లెక్కలు వ్రాయడానికి కంపెనీకి గుమాస్తాలున్నారు. తొలగిన కుంట పేరేమిటి, ఆ నేలలో ఏ పంట పండేది, ఊరివారు ఎక్కడికి చేరారు అన్న పద్దులు వ్రాయవలసినవారు చరిత్రకారులు, రచయితలు. ఆ ఊళ్ళను ఎరిగిన వృద్ధులు జీవించి ఉండగానే ఈ పని జరగాలి.