కారు కంటే ముందు బండి

ఎద్దులబండి, గుర్రబ్బండి, రైలుబండి, తోపుడుబండి అన్నీ తెలుగులో బండ్లే. వీధిలో నిలిపిన స్కూటరూ బండే. చక్రాలెన్ని, లాగేదెవరు అని ఆ మాట పట్టించుకోదు. కారు అలా కాదు. గాల్ జనుల ‘కర్రోస్’ లాటిన్‌లో ‘కర్రుస్’ అయిన నాటికి అదీ బండే. ఇంగ్లీషులో మోటారు చేరాక అర్థం కుంచించుకుపోయి, నాలుగు చక్రాల మోటారు వాహనంగా మన దగ్గరికొచ్చింది. (వానకారులో, కారుచీకటిలో ఉన్నవి మన సొంత మాటలు, దీనికి చుట్టాలు కావు.)

తొలి విద్యుత్ కారు ఎవరిదన్న తగవు తెగకపోవడానికి మాటల్లోని ఈ ఇరుకే ముఖ్య కారణమని నా నమ్మకం. హంగేరీలో ఆన్యోష్ యెడ్లిక్ 1828లో చేసిందీ, నెదర్లాండ్స్‌లో స్ట్రాటింగ్, బెకర్ 1835లో చేసిందీ మనిషెక్కలేని చిన్న నమూనాలు. స్కాట్లండ్‌లో రాబర్ట్ ఆండర్సన్ 1830లలో మనిషెక్కే బండే నడిపాడంటారు గాని, ఏ ఏడో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. అప్పటి బ్యాటరీ అయిపోతే అయిపోయినట్టే. మళ్లీ మళ్లీ చార్జి చేసుకోగల సీసపు బ్యాటరీని గాస్టన్ ప్లాంటే 1859లో గాని చేయలేదు.

1888లో జర్మనీలోని కోబుర్గ్‌లో ఆండ్రేయాస్ ఫ్లోకెన్ చేసినదానికి నాలుగు చక్రాలున్నాయి. చూడబోతే అచ్చం గుర్రబ్బండే: ఎత్తయిన చక్రాలు, వాటికి ఇనుప పట్టాలు, మోటారు నుంచి వెనక ఇరుసుకు తోలుపట్టీలు. కారు అంటే ఇదేనని జర్మన్ల వాదన. కాదు, థామస్ పార్కర్ 1884లోనే చేశాడని ఇంగ్లండ్ వాదన. తమాషా ఏమంటే, జర్మన్లు దాన్ని పిలిచే ‘ఎలెక్ట్రోవాగెన్’లో ‘వాగెన్’ మన బండిలాంటిదే. గుర్రం లాగేదీ వాగెనే, మోటారు లాగేదీ వాగెనే.

కారు అన్న పట్టు వదిలితే నా ఓటు గుస్తావ్ త్రూవేకి. ఇంగ్లండ్‌లో తయారైన మూడు చక్రాల తొక్కుడుబండికి, తాను మెరుగుపరచిన చిన్న సీమెన్స్ మోటారు బిగించి, 1881 ఏప్రిల్‌లో పారిస్ వీధిలో నడిపించాడు. బ్యాటరీ మళ్లీ చార్జి అయ్యే రకం. మూడు చక్రాలేనన్న లెక్కతో అతణ్ణి పక్కన పెట్టడం అన్యాయం. ఇవాళ మన ఊళ్లలో కరెంటుతో తిరిగేవాటిలో స్కూటర్లు, ఆటోలే ఎక్కువ. జనం వాటిని ‘చార్జింగ్ బండి’ అంటారు. త్రూవే నడిపిందీ అదే.